గోడ ఉమ్మడి, గుమ్మ మెవరిది?

వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెఱచు దినములలో మన పట్టణములందు ఏటేట ఒక దృశ్యము కనబడుచుండును. బదిలీ ఉత్తరువు జేబులో పెట్టుకొని ఉపాధ్యాయు డొకడు పలాసలోనో, టెక్కలిలోనో, కాశీబుగ్గ సందులలోనో అద్దె యింటికై తిరుగుచుండును. ఒక యింటి గేటునకు 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అను అట్ట వ్రేలాడుచుండును. యజమాని మర్యాదస్థుడే. కుర్చీ వేసి కూర్చుండుమనును, మంచినీళ్ళిచ్చును, ఏ బడికి వచ్చినదియు, ఏ పాఠము చెప్పునదియు, పిల్లలెందఱో యన్నదియు అడుగును. అటుపిమ్మట గొంతు కొంచెము తగ్గించి, "ఇంతకూ మీరేటోళ్లు మాస్టారూ?" అనును. దానికి వచ్చు సమాధానమునుబట్టి ఆ యిల్లు ఖాళీగా నుండుటయో, నిన్ననే మఱియొకరికి మాట యిచ్చియుండుటయో నిర్ణయమగును.

ఈ ప్రశ్న నెఱుగని ఉపాధ్యాయుడు మనలో అరుదు. కొందఱు దానిని విన్నవారు, కొందఱు అడిగినవారు, రెండును చేసినవారును కలరు. చిరకాలముగా నున్న ఈ ప్రశ్నను ఈ వారము ప్రస్తావించుటకు కారణము లేకపోలేదు. ఉద్దానపు తీరమున పట్టణములు మాఱుచున్నవి. పలాసలో మూత్రపిండముల వ్యాధులకై 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనా కేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. టెక్కలికి చేరువన, సంతబొమ్మాళి మండలమునందలి మూలపేటలో ఓడరేవు నిర్మాణమునకు అదే సంవత్సరము ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. జీడిపప్పు కార్మాగారములతోడను, రైలు స్టేషనుతోడను పేరు తెచ్చుకొనిన పలాసకు ఇకమీదట వైద్యులు, నర్సులు, ఇంజనీర్లు, గుమాస్తాలు, కూలీలు నలుదిక్కులనుండి వచ్చుచునే యుందురు. వారందఱికిని ఇండ్లు కావలెను. ఇండ్లు ఎట్లు కట్టుదుమను ప్రశ్నతోపాటు ఎవరికై కట్టుదుమను ప్రశ్నయు మన యెదుట నిలిచినది.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒక్కని జీతముతో ఇల్లు కట్టుట నేడు మఱింత కష్టమైనది. అందుచేత పదిమంది ఉపాధ్యాయులు ఒకచోట చేరినపుడు, "అందఱము కలసి స్థలము కొని మేడ కట్టుకొన్న నేమి?" అను మాట తఱచు వినవచ్చుచున్నది. ఇది మంచి మాట. కాని 'కలసి కట్టుకొనుట' అను మాటకు మూడు వేర్వేఱు అర్థములు కలవు. వానిని విడదీసి తెలిసికొనుట అవసరము.

మొదటిది, కలసి భూమిని కొని, ప్లాట్లుగా కోసి, పంచుకొని, ఎవరి యింటిని వారు కట్టుకొనుట. మన రాష్ట్రములలో సహకార గృహనిర్మాణ సంఘములనబడునవి పెక్కు ఈ తీరువే. హైదరాబాదులోని జూబిలీ హిల్స్ 1960 దశకమున ఇట్టి సంఘముద్వారానే రూపొందినది. ఇందు సహకారము ప్లాటు చేతికి వచ్చువఱకే. ఆ తరువాత ఎవరి ప్రహరి వారిది. రెండవది, బిల్డరు కట్టిన మేడలో ఒక్కొక్క ఫ్లాటును ఒక్కొక్కరు కొనుట. దీనికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1987లో ప్రత్యేకముగా ఒక చట్టము చేసినది. దానిప్రకారము ఫ్లాటు కొన్నవానిది, మెట్లు, మేడమీది కప్పు, నీళ్ళ తొట్టి, క్రింది స్థలము అందఱి విడదీయని భాగము. మూడవది మన ప్రాంతమున కనిపించుట కడు అరుదు. అందు మేడ యంతయు సంఘముదే. సభ్యుడు కొనునది గోడలను గాదు, సంఘములోని వాటాలను. ఆ వాటాలను బట్టి ఒక భాగమున నివసించు హక్కు వానికి సంక్రమించును. ఇదియే అసలైన సహకార గృహము. దీని చరిత్ర మనకు రెండు పాఠములు చెప్పుచున్నది. ఒకటి ఆశ కలిగించునది. రెండవది సిగ్గు కలిగించునది.

ఈ పద్ధతి మిక్కిలి విరివిగా వ్యాపించిన నగరము అమెరికాలోని న్యూయార్కు. అచ్చట ఫిలిప్ హ్యూబర్టు అను వాస్తుశిల్పి 1880 దశకపు ఆరంభమున 'గృహ క్లబ్బు' అను పేర కొందఱు మధ్యతరగతివారిని, ధనికులను కూర్చి ఉమ్మడి మేడలను కట్టించెను. విడివిడిగా కొనలేని ఖరీదైన నేలను కలసి కొనుటయు, బొగ్గును పనివారి జీతములను కలసి భరించుటయు ఆనాటి యోచన. తరువాత ద్వితీయ ప్రపంచ యుద్ధమునకు ముందటి దశాబ్దములలో ఫిఫ్త్ అవెన్యూ, పార్క్ అవెన్యూ వంటి సంపన్నుల వీధులలో ఇట్టి మేడలు వరుసలు దీరి లేచినవి. దళసరి గోడలు, ఎత్తైన కప్పులు, విశాలమైన గదులు, గుమ్మమున ఉడుపులు దాల్చిన ద్వారపాలకుడు వాని లక్షణములు. 'యుద్ధపూర్వ భవనము' అను మాట నేటికిని ఆ నగరమున ఇంటి వెలను పెంచు మాటయే. ఫ్లాటును నేరుగా సొంతము చేసికొను పద్ధతికి న్యూయార్కు రాష్ట్రము 1964లోగాని చట్టము చేయలేదు. అంతవఱకు మేడలో ఒక యింటికి యజమాని కాదలచినవానికి సహకార పద్ధతియే శరణ్యమయ్యెను.

అయితే ఈ పద్ధతి ధనికుల సొత్తు మాత్రమే కాలేదు. బ్రూక్లిన్‌లోని సన్‌సెట్ పార్కు అను పేటలో ఫిన్లండునుండి వలసవచ్చిన శ్రామిక కుటుంబములు కొన్ని 1916లో తమ కష్టార్జితమును కూడబెట్టి ఒక మేడ కట్టుకొనెను. దానికి వారు పెట్టిన పేరు 'అల్కు'. ఫిన్నిష్ భాషలో ఆ మాటకు 'ఆరంభము' అని యర్థము. 1927లో బ్రాంక్సు ప్రాంతమున దుస్తులు కుట్టు కార్మికుల సంఘము తన సభ్యులకై సహకార గృహసముదాయమును నిర్మించెను. అది నేటికిని నిలిచియున్నది. హార్లెములో నల్లజాతి కుటుంబముల కొఱకు డన్‌బార్ భవనములు 1928 నాటికి వెలసినవి. రాక్‌ఫెల్లరు పెట్టుబడితో కట్టిన ఆ 511 ఇండ్లలో మహామేధావి డుబోయిస్, గాయకుడు పాల్ రోబ్‌సన్ వంటివారు నివసించిరి. నగరమున మంచి ఇండ్ల తలుపులు తమకు మూసికొనియున్న కాలమున ఆ కుటుంబములకు అదియొక ఆసరా.

కాని 1929లో ఆర్థికమాంద్యము వచ్చిపడినది. ఉమ్మడి మేడకు అప్పును ఉమ్మడియే. పదిమందిలో ముగ్గురు నెలసరి చందా చెల్లింపలేకపోయినచో ఆ భారము తక్కిన యేడుగురి మీద పడును. ఆ యేడుగురిలో ఇద్దఱు కూలినచో భారము అయిదుగురి మీద పడును. ఈ విధముగా పార్క్ అవెన్యూలోని ధనికుల మేడలు కూడ అనేకము దివాలా తీసి మరల అద్దె యిండ్లుగా మాఱినవి. డన్‌బార్ భవనముల సహకార ప్రయత్నమును 1936తో ముగిసిపోయినది. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినట్లన్న మన సామెతకు ఇంతకంటె పెద్ద ఉదాహరణ మేమి కావలెను?

ఈ యనుభవమునుండి సహకార గృహములు నేర్చుకొనిన జాగ్రత్త యొకటి కలదు. క్రొత్తగా ఎవరైన ఒక యిల్లు కొనదలచినచో, మేడలోని సభ్యులు ఎన్నుకొనిన కార్యవర్గము వారిని పిలిచి మాటాడును. ఆదాయమెంత, అప్పులెన్ని, నిలకడగా చందా చెల్లింపగలరా అని విచారించును. ఇది న్యాయమే. ఒకని బాకీ పదుగురి నెత్తిన పడునపుడు, చెల్లింపగలవాడా యని అడుగుట తప్పు కాదు. చిక్కంతయు తరువాత మొదలయ్యెను. ఆ కార్యవర్గము ఎవరినైనను కాదనవచ్చును. ఎందుకు కాదనినదో చెప్పనక్కఱలేదు. 1979లో అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్ న్యూయార్కులో అట్టి యొక ఇల్లు కొనబోగా, ఆ మేడలోని నివాసులు అభ్యంతరము చెప్పుటచే ఆయన విరమించుకొనవలసి వచ్చినది. దేశమునేలినవాని సంగతియే ఇట్లున్నపుడు తక్కినవారి మాట చెప్పనేల?

నిక్సను పాట్లకు మనము నవ్వుకొనవచ్చును. నవ్వరాని కథలును కలవు. క్వీన్సు ప్రాంతములోని జాక్సన్ హైట్సులో 1919 తరువాత కట్టిన సహకార భవనములు అందమునకు ప్రసిద్ధి. మేడల నడుమ పూలతోటలు, పచ్చిక బయళ్ళు, వెలుతురు గాలి పుష్కలముగా నుండును. తోట మేడలు అను మాట అమెరికాలో ప్రచారమునకు వచ్చినది ఆ పేటనుండియే. కాని ఆనాడు ఆ తోటలలోనికి యూదులకు ప్రవేశము లేదు. నల్లజాతివారికి అసలే లేదు. తరువాత కాలము మాఱినది. చట్టములు వచ్చినవి. 1968లో అమెరికా ప్రభుత్వము గృహముల విషయమున జాతి మతములను బట్టి భేదము చూపరాదని శాసించెను. నేడు అదే జాక్సన్ హైట్సులో డెబ్బది నాలుగవ వీధి భారతీయుల అంగళ్ళకు పేరుపొందినది. బంగ్లాదేశమువారు, నేపాలీలు, టిబెటు వారు, దక్షిణ అమెరికా దేశములవారు ఆ వీధులలో కలసిమెలసి తిరుగుచున్నారు. అయినను చట్టమున నొక సందు మిగిలియే యున్నది. కారణము చెప్పనక్కఱలేనివాడు చెడ్డ కారణమును మనసులో దాచుకొనుట సులభము. చెల్లింపగలవాడా యన్న ప్రశ్న వెనుక ఏ జాతివాడన్న ప్రశ్న దాగికొనవచ్చును.

సముద్రముల కావలి దోషములను ఎంచి మనము తృప్తి పడుటకు వీలులేదు. మన దేశమున ఈ యుద్యమ మెట్లు నడచినదో చూతము. 1904లో వచ్చిన సహకార చట్టము పరపతి సంఘములకు మాత్రమే అవకాశ మిచ్చెను. 1912లోని చట్టము ఇతర ప్రయోజనములకును సంఘములు పెట్టుకొనవచ్చునని త్రోవ తెఱచెను. మైసూరు సంస్థానమున బెంగుళూరులో 1909 నాటికే గృహనిర్మాణ సహకార సంఘ మొకటి వెలసినది. బొంబాయిలోని గాందేవి పేటలో 1915లో శ్రీపాద సుబ్బరావు తాల్మకీ యను సహకారోద్యమ నాయకుని పూనికచే సారస్వత సహకార గృహ సంఘము స్థాపితమయ్యెను. అందు మేడలు సంఘమువి, నివాసులు వాటాదారులు. అదే కాలమున ఇంగ్లండులో వ్యాపించియుండిన వాటాదారు అద్దె సంఘముల పద్ధతికి అది దగ్గఱ చుట్టము. చాలీచాలని జీతములతో బొంబాయికి వచ్చిన గుమాస్తా కుటుంబములకు అద్దె యింటి యజమానుల దయాదాక్షిణ్యములు తప్పించిన ఘనత ఆ సంఘమునకు చెల్లును. కాని పేరే చెప్పుచున్నది గదా, అది ఒక కులమువారి కొఱకు ఏర్పడిన సంఘము. దాని వెనుకనే బొంబాయిలో కులమునకొకటి, మతమునకొకటి, భాషకొకటిగా గృహ సంఘములు లేచినవి.

ఈ సమస్య మన సర్వోన్నత న్యాయస్థానము వఱకు వెళ్ళినది. అహమ్మదాబాదులో పార్సీలు 1926లో ఒక గృహ సంఘము నేర్పఱచుకొనిరి. పార్సీలు కానివారికి ఇల్లు అమ్మరాదని దాని నియమము. సభ్యు డొకడు తన స్థలమున మేడ కట్టించి ఇతరులకు అమ్మదలచగా వివాదము రేగినది. 2005 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము సంఘము పక్షముననే తీర్పు చెప్పెను. ఇష్టపడి చేరినవారు తమలో తాము చేసికొనిన నియమమునకు కట్టుబడవలెననియు, శాసనము నిషేధింపనంతవఱకు అట్టి నియమము చెల్లుననియు దాని సారాంశము. అనగా ఈ విషయమున త్రోవ చూపవలసినది శాసనసభలు. శాసనసభలకంటె ముందు, నియమావళి వ్రాసికొను సభ్యులు.

ఇచ్చట ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఒక వర్గమువారు తమకై తాము ఇల్లు కట్టుకొనుట సర్వత్ర తప్పని మా యభిప్రాయము కాదు. డన్‌బార్ భవనములలోని నల్లజాతివారు తమంతట తాము వేఱుపడినవారు కారు. నగరము వారిని వేఱు చేసినది. పదిచోట్ల లేదనిపించుకొనినవారు తలదాచుకొనుటకు కట్టుకొనిన గోడయు, కలిగినవారు ఇతరులను రానీయకుండుటకు కట్టిన గోడయు చూపునకు ఒకటే ఇటుకతో కట్టినట్లుండును. కాని రెండవ గోడ యుండుటచేతనే మొదటి గోడ అవసరమైనది. మాంసము వండుదురనియు, ఆచారములు కలియవనియు చెప్పు సాకులను కూడ ఈ కొలతతోనే కొలువవలెను. పొరుగువారికి ఇబ్బంది లేకుండ మెలగుమని అందఱికిని సమానముగా నియమము పెట్టవచ్చును. పుట్టుక చూచి, అలవాటు ఇట్టిదై యుండునని ఊహించి, తలుపు మూయుట మాత్రము నియమము గాదు, నెపము.

ఇక మన ఉద్దానమునకు వత్తము. కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలతో ఉద్యానమువలె నుండుటచేతనే ఈ సీమకు ఉద్దానమని పేరు వచ్చినదందురు. ఇచ్చటి పల్లెలలో ఇండ్ల తీరు చూచినవారికి ఒక విశేషము తోచును. వీధికి ఇరుప్రక్కల ఇండ్లు వరుసగా, గోడకు గోడ ఆనుకొని, రైలు పెట్టెలవలె సాగిపోవుచుండును. ముందు అరుగు, వెనుక ఒకదాని తరువాత నొకటిగా గదులు, ఆపైని పెరడు. రెండిండ్ల నడుమ గోడ ఒక్కటే. దానిమీద దూలము పెట్టవలెనన్నను, దానిని ఎత్తు పెంచవలెనన్నను పొరుగువాని మాట కావలెను. ఒకరి చూరు నీరు మఱియొకరి అరుగు మీద పడకుండ చూచుకొనవలెను. న్యూయార్కు వాస్తుశిల్పి ఏ పుస్తకముగాని వ్రాయకమునుపే ఉమ్మడి గోడ మర్యాద ఈ పల్లెలకు తెలియును. సహకార గృహమునకు కావలసిన సగము విద్య మనవారి కున్నది.

రెండవ సగము మాట యేమి? అదే వీధి చివర నిలిచి చూచినచో సమాధానము తెలియును. ఆ వరుస యంతయు ఒకే కులము. మలుపు తిరిగిన వీధి మఱియొక కులము. ఊరికి ఎడముగా నున్న పేట ఎవరిదో వేఱుగా చెప్పనక్కఱలేదు. గోడను పంచుకొనుట నేర్చినవారము, ఎవరితో పంచుకొందుమను విషయమున మాత్రము పుట్టుక గీచిన గీటు దాటలేదు. పల్లె వీధినుండి పట్టణమునకు వచ్చిన మనము పెంకుటిల్లు విడిచి సిమెంటు మేడ ఎక్కితిమి గాని, ఆ గీటును మూటగట్టి వెంట తెచ్చుకొంటిమి. గేటుకడ వినిపించు "మీరేటోళ్లు?" అన్న ప్రశ్న ఆ మూటలోనిదే.

మఱియొక సంగతియు మఱువరాదు. విశాఖపట్టణమున, హైదరాబాదున, చెన్నపట్టణమున ఆకాశము నంటు మేడలు కట్టుచున్న కూలీలలో శ్రీకాకుళము జిల్లావారు అసంఖ్యాకులు. ఇటుక మోసినవారు, సెంట్రింగు కొట్టినవారు, స్లాబు పోసినవారు, మేడ పూర్తియైన తరువాత దాని గేటు దగ్గఱ వాచ్‌మనుగా నిలిచినవారును వారిలో నున్నారు. వారు చేతులార కట్టిన ఇంటిలో వారి బిడ్డ ఉద్యోగస్థుడై అద్దెకు వచ్చి నిలిచిననాడు, వానిని అడుగు మొదటి ప్రశ్న ఏమగునో ఊహించుకొనుడు.

కావున, ఉపాధ్యాయులు గాని, ఇతరోద్యోగులు గాని పలాస టెక్కలి ప్రాంతములలో కలసి ఇండ్లు కట్టుకొన పూనుకొన్నచో, పునాదికంటె ముందుగా నియమావళిని జాగ్రత్తగా వేయవలెనని మా మనవి. ప్లాట్లు పంచుకొని విడిపోవు సంఘముకంటె మేడను ఉమ్మడిగా నిలుపుకొను సంఘము మేలు. అట్టిది కుదురనిచో, ఫ్లాట్లు ఎవరివి వారివైనను ఉమ్మడి భాగములను కాచు సంఘమునైనను నామమాత్రము కానీయరాదు. సభ్యత్వమునకు అర్హత లేవో స్పష్టముగా వ్రాయవలెను. అందు ఆర్థిక స్తోమతును గూర్చిన ప్రశ్న లుండవచ్చును. కులము, మతము, ప్రాంతము గూర్చిన మాట ఉండరాదు. ఎవరినైన కాదన్నచో కారణమును వ్రాతపూర్వకముగా ఇయ్యవలెను. అది నచ్చనివాడు సర్వసభ్య సమావేశమున చెప్పుకొనుటకు వీలుండవలెను. కారణము కాగితము మీద పెట్టవలసివచ్చినపుడు చాలమంది నోట చెడ్డ కారణము రాదు. సిగ్గు అన్నది మనుష్యునిలో ఇంకను మిగిలియున్న గుణమని మా నమ్మకము.

ఇట్లే, మరమ్మతులకై మొదటి నెలనుండియే నిధి కూడబెట్టవలెను. సముద్రపు ఉప్పు గాలి ఇనుపకమ్మిని ఎంత త్వరగా తినివేయునో ఈ తీరమువారికి ఎవరును చెప్పనక్కఱలేదు. 1929లో న్యూయార్కు మేడలు కూలినది గోడలు బలహీనమై కాదు, కష్టకాలమునకు సొమ్ము లేక. బడిలో అటెండరునకును, మధ్యాహ్న భోజనము వండు తల్లికిని చెల్లింపగల చిన్న భాగములు కొన్ని ఆ మేడలో ఉండునట్లు మొదటనే ఆలోచింపవలెను. సహకారమన్న మాటకు సమానులు మాత్రమే కలసికొనుట అని యర్థము లేదు.

విద్యార్థులకును ఇందు పని కలదు. సహకార సంఘములను గూర్చి పాఠ్యపుస్తకములో చదివి, పరీక్షలో నాలుగు లక్షణములు వ్రాసి మఱచిపోవుటకంటె, తమ యూరి సంఘము నియమావళి నొకటి తెచ్చుకొని తరగతిలో చదువుట మేలు. సభ్యులుగా ఎవరు చేరవచ్చును, ఎవరు చేరలేకపోయిరి, ఏల యని ఉపాధ్యాయుని అడుగవలెను. తమ వీధి పటమును గీచి, ఏ గోడ ఎవరిదో, ఏ బావి ఎవరిదో గుర్తించవలెను. సాంఘికశాస్త్రమున దానికి మించిన పాఠము లేదు.

చివరకు ఒక రాత్రిని జ్ఞప్తికి తెచ్చుకొందము. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస చేరువ తీరమును తాకినది. తరతరములుగా పెంచిన కొబ్బరిచెట్లు, జీడిచెట్లు లెక్కకు మిక్కిలిగా నేలకూలినవి. ఇండ్ల కప్పు లెగిరిపోయినవి. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి పల్లెలోని వారికి పాఠశాల గదులు ఆశ్రయమగుట ఈ తీరమున చిరకాలపు వాడుక. అట్టి రాత్రి తాళపుచెవి ఉపాధ్యాయుని చేతిలో నుండును. వానలో తడిసి, బిడ్డలను చంక నెత్తుకొని, మూటలతో గుమ్మమువద్దకు వచ్చినవారిని అతడు పేరైనను అడుగడు. తలుపు తీసి, లోనికి రండు, ఆ మూల చోటున్నదని మాత్రమే చెప్పును.

సెలవుల తరువాత అద్దె యింటికై గేటు గేటునకు తిరుగుచున్నవాడు ఆ ఉపాధ్యాయుడే.